ఎదురింట్లో నత్తల భోజనం

మోకాళ్లు చూపించుకుందామని పోయిన నెల మా నరసరావుపేటలోనే కొత్తగా పెట్టిన ఎముకల ఆసుపత్రికి వెళ్లాను. పేరు పిలిచేదాకా కూర్చోబెట్టే హాల్లో గోడ పొడవునా పెద్ద గాజు తొట్టి ఉంది. లోపల నీలం వెలుగు, ఊగుతున్న పగడపు కొమ్మలు, పసుపు చేపలు. అది ఉప్పునీళ్ల తొట్టి అనీ, నీళ్లు చల్లగా ఉంచడానికి దానికో మిషను ఉందనీ, ఉప్పు కాస్త అటూ ఇటూ అయితే డాక్టరు గారి ఫోనుకి మెసేజ్ పోతుందనీ కౌంటరు దగ్గరున్న అమ్మాయి చెప్పింది. నా చూపు చేపల మీద లేదు. గాజు పలకకి అతుక్కుని, ఏ తొందరా లేకుండా పైకి పాకుతున్న ఒక నత్త మీద ఉంది. "మీకు ఇట్టాంటియి ఇష్టమా మేడం?" అని ఆ అమ్మాయి అడిగితే, "నేనూ పెంచానమ్మా ఒకప్పుడు, మా ఇంట్లో" అన్నాను, పాడి గేదెల్ని మేపినంత గొప్పగా. "అవునా! చానా రోజులు బతికినయ్యా?" అంది. పాపం మామూలుగానే అడిగింది. "కొన్ని" అన్నాను. తర్వాత డాక్టరు గారు ఏ మోకాలమ్మా అంటే కుడిదో ఎడమదో వెంటనే చెప్పలేకపోయాను. మనసు అప్పటికే మా అత్తగారింట్లో, పడమటి గది కిటికీ పక్కన, బల్ల మీదున్న గాజు పెట్టె దగ్గరికి వెళ్లిపోయింది.

నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ. అందులోనూ సముద్ర జీవుల్ని ప్రత్యేకంగా చదువుకున్నదాన్ని. యూనివర్సిటీ ల్యాబులో ఫార్మలిన్ సీసాల్లో మునిగి ఉన్న నత్తలన్నిటికీ లాటిన్ పేర్లు గడగడా చెప్పేదాన్ని. సీసా బయట ఉన్న నత్తని చూసిన సందర్భాలు మాత్రం తక్కువ. ఆ చదువుతోనే నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరికింది, ఆ ఉద్యోగంతోనే ఆ ఊరి సంబంధం కుదిరింది. మాఘమాసంలో పెళ్లయింది. మా వారికి మాచర్లలో బ్యాంకు ఉద్యోగం. అక్కడే గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోయేవారు. నేను అత్తమామల దగ్గర. పెళ్లయిన కొత్తలో మేమిద్దరం బాపట్ల పోయి సూర్యలంకలో ఒక రోజు ఉండి వచ్చాం. హనీమూన్ అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. అడిగినవాళ్లకి మా అత్తగారు "పిల్లలు సముద్ర స్నానానికి పోయొచ్చారు" అని చెప్పేది.

ఆ స్నానానికి వెళ్లినప్పుడు జాలర్లు వలలు దులిపి వెళ్లిన చోట ఇసుకలో కొన్ని గుల్లలు కనిపించాయి. తెల్లటి గుల్ల మీద ఇటుక రంగు మచ్చలు, బొటనవేలంత పొడవు, జడలా మెలిక తిరిగిన కొస. అరడజను ఏరి తడి చేతిరుమాల్లో మూట కట్టాను. కాలేజీలో పిల్లలకి చూపించడానికి ఒక సీసాడు సముద్రపు నీళ్లు కూడా పట్టుకున్నాను. తిరుగు బస్సులో దారి పొడవునా మా వారికి పాఠం చెప్పాను. లోపలి జీవి ఎప్పుడో చచ్చిపోతుందనీ, గుల్ల మాత్రం మిగులుతుందనీ, మన చేతిలో ఉన్నది ఖాళీ ఇల్లనీ. కొత్త పెళ్లికొడుకు కాబట్టి ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. ఇంటికొచ్చాక వాటిని టీవీ మీద, నేను అల్లిన లేసు గుడ్డ మీద, వరసగా పేర్చాను.

మర్నాడు పొద్దున్నే, మా వారు మాచర్ల బస్సెక్కి వెళ్లాక, కసువు ఊడుస్తున్న మా అత్తగారి కేక వినిపించింది. "అమ్మాయ్! ఓ అమ్మాయ్! నీ గవ్వ నడస్తందే!"

పరుగున వెళ్లాను. లేసు గుడ్డ మీద తడి చార. ఆ చార కొసన, టీవీ అంచు దాకా వచ్చి కిందికి తొంగి చూస్తూ, నేను చచ్చిపోయిందని ధ్రువీకరించిన జీవి. గుల్ల మూతిని తలుపులా మూసుకుని పడుకున్న నత్తని చూసి, మట్టి పట్టిన ఖాళీ గుల్ల అనుకున్నాను. మొదటి సంవత్సరం పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠమే ఆ తలుపు గురించి.

పళ్లపొడి నురగతో మా మామగారు వచ్చారు. ఆయన కోర్టులో బెంచి గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఉద్యోగం పోయినా భాష పోలేదు. ఇంట్లో ఎవరేం చెప్పినా ఫిర్యాదు, ఎవరు తప్పు చేసినా ముద్దాయి. "ఏదీ, ముద్దాయి ఏడీ?" అని వంగి చూసి, "ఇది పారిపోయే కేసేనే!" అన్నారు.

మా అత్తగారు చీపురు పట్టుకునే నిలబడి ఉంది. రెంటచింతల దగ్గర పల్లె ఆవిడ పుట్టిల్లు. మాట కత్తి దూసినట్టు ఉండేది. ఆవిడ ముఖంలో కోపం లేదు, భయం ఉంది. అప్పుడే నాకు ఆ ఇంటి మొక్కు సంగతి తెలిసింది. ఎన్నో ఏళ్ల క్రితం మామగారికి టైఫాయిడ్ వచ్చి, తగ్గి, మళ్లీ తిరగబెట్టిందట. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని ఆవిడ కోటప్పకొండ స్వామికి మొక్కుకుంది. ఈయన్ని బతికిస్తే నా గడప లోపలికి నీసు రానివ్వను అని. నీసంటే మాంసం, చేప, గుడ్డు, అన్నీ. ఆయన బతికారు. అప్పట్నుంచి ఆ గడప లోపల పప్పు, గోంగూర, చారు, మజ్జిగ పులుసు. ఇంగువ పోపు వాసన తప్ప ఇంకో వాసన ఆ వంటింటి గోడలకి తెలియదు. అంతకుముందు ఆదివారం వస్తే మామగారు సంచీ పట్టుకుని చేపల బజారుకి తనే వెళ్లేవారనీ, మొప్పలెత్తి చూసి గానీ చేప కొనేవారు కాదనీ తర్వాత ఎదురింటి హుసేనమ్మ పిన్ని చెప్పింది.

"పారేసి వస్తాను అత్తయ్యా" అన్నాను.

"పారేస్తే చావదా? కొత్త కోడలివి, ప్రాణమున్నదాన్ని ఇంట్లోకి తెచ్చావ్. నీ చేత్తో చంపుతావా?" అంది. "ఇదిగో చెప్తన్నా విను. బతికున్నంత సేపూ అది జీవం. చచ్చిందా, నీసు. నా గడప లోపల చావడానికి వీల్లేదు. మీ ఇద్దరూ కలిసి తెచ్చారు, ఇద్దరూ కలిసే పోయి ఆడే వొదిలి రండి."

ఎస్టీడీ బూత్ నుంచి మాచర్లకి ఫోను చేశాను. మార్చి లెక్కలు మూసేదాకా బ్యాంకులో ఎవరికీ సెలవు లేదనీ, ఇకమీదట ఆదివారాలు కూడా రావడం అనుమానమేననీ మా వారు చెప్పారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే మామగారు కుర్చీలో కూర్చుని తీర్పిచ్చారు. "అయితే అప్పటిదాకా రిమాండు."

అలా మా ఇంట్లో సముద్రం పెట్టాల్సి వచ్చింది. పటాలు కట్టే దుకాణంలో చెప్పి మామగారు గాజు పెట్టె చేయించారు. బుడగలు వదిలే చిన్న మోటారు నేను తెచ్చాను. ఇసుక కడిగి పోశాం. ఇక నీళ్లు. సముద్రపు నీళ్లలో ఏయే లవణాలు ఎంతెంత ఉంటాయో బోర్డు మీద రాసి చూపించగల నేను, వంటింట్లో కల్లుప్పు డబ్బా ముందు నిలబడి ఎన్ని గుప్పిళ్లు వెయ్యాలో తెలియక నాలిక మీద వేసుకుని చూస్తున్నాను. చివరికి అత్తగారి లాక్టోమీటరు కాపాడింది. కోర్టు గుమాస్తా ఇల్లు కాబట్టి పాలవాడి మీద కూడా నమ్మకం ఉండేది కాదు. రోజూ పొద్దున పాలల్లో ఆ గాజు గొట్టం తేల్చి, ఏ గీత దాకా మునిగిందో చూసి గానీ గిన్నె చాచేవారు కాదు. దాన్ని నా సీసాలోని సముద్రపు నీళ్లలో వేసి చూశాను. మంచి గేదె పాల గీతకు ఒకటి రెండు గీతల తేడాలో నిలిచింది. "సముద్రంలో కూడా కాసిని నీళ్లు కలిపారన్నమాట" అన్నారు మామగారు. బకెట్లో ఉప్పు కలుపుతూ గొట్టం అదే గీత దగ్గర నిలిచేదాకా సరిచేశాను. నేను చేసిన పనుల్లో సరైనది ఇదొక్కటేనని ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇకముందు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

నత్తలు ఇసుకలో దూరిపోయాయి. పొద్దున ఒకటి బయటికొచ్చి నాలుగడుగులు పాకి మళ్లీ దూరేది. పాలకూర వేశాను, ముట్టలేదు. ఉడికించిన క్యారెట్టు, ముద్దపప్పు, అటుకులు. ఏవీ ముట్టలేదు. అవి చచ్చిన చేపల్ని తిని బతికే జాతి అని నాకు తెలుసు. కానీ ఆ గడప లోపల ఆ మాట పైకి అనే ధైర్యం ఏ కొత్త కోడలికి ఉంటుంది? పప్పు అలవాటవుతుందేమో చూద్దామనుకున్నాను. కరెంటు పోతే మోటారు ఆగిపోయేది. నీళ్లలో ప్రాణవాయువు ఎలా కరుగుతుందో నేను మామగారికి వివరించేదాన్ని. ఆయన చెంబుతో నీళ్లు ముంచి, కాఫీ తిరగబోసినట్టు, పైనుంచి ధారగా పోస్తూ కూర్చునేవారు. నా వివరణ అయిపోయినా ఆయన పని అయ్యేది కాదు.

కొన్నాళ్లకి సగం నీళ్లు మార్చాల్సి వచ్చింది. బోరు నీళ్లు మోటుగా ఉన్నాయనీ, రాగి బిందెలో రాత్రంతా ఉంచితే తేటపడతాయనీ అత్తగారు అంది. దేవుడికీ మామగారికీ తప్ప ఇంకెవరికీ ఆ బిందె నీళ్లు పోసేది కాదు. అంత గౌరవం దొరికినందుకు నేను పొంగిపోయి, దానికి శాస్త్రం కూడా జోడించాను. "అవును మావయ్యా, రాగి సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది" అన్నాను. అంటూ ఉప్పు కూడా ఆ బిందెలోనే కలిపి, తెల్లారాక తొట్టిలో పోసి, స్నానానికి వెళ్లాను. కాలేజీకి బయల్దేరేటప్పుడు చూస్తే నత్తలన్నీ ఇసుక పైకి వచ్చి పడి ఉన్నాయి. కొన్ని వెల్లకిలా. మెత్తటి పాదం సగం బయటికి వేలాడుతూ ఉంది. కొత్త నీళ్లకి బెదిరి ఉంటాయిలే అనుకుని వెళ్లిపోయాను.

ఆ రోజు క్లాసులో గొర్రెల కాలేయంలో చేరే పురుగు పాఠం. దాని జీవితం సగం నత్తలో గడుస్తుంది కాబట్టి నత్తల్ని చంపితే రోగం ఆగుతుంది. నోట్సు చెప్పడం మొదలుపెట్టాను. "నివారణ. చెరువులలో నత్తలను నిర్మూలించుటకు నీటిలో మైలుతుత్తము, అనగా కాపర్..." అని ఆగిపోయాను. పిల్లలందరూ కలాలు పట్టుకుని నా వైపు చూస్తున్నారు. కాపర్. రాగి. "తర్వాత మేడం?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. "తర్వాతది రేపు" అని చెప్పి, చాక్‌పీసు చేతిలోనే పట్టుకుని రిక్షా ఎక్కాను. ఏటేటా అదే నోట్సు చెప్పినదాన్ని. నా చదువంతటిలో పుస్తకంలో రాసింది రాసినట్టు జరిగిన ఏకైక ప్రయోగం అదే.

వీధి మలుపు తిరిగేసరికి మా గేటు బయట అత్తగారు కనిపించింది. నేల మీద గొంతుక్కూర్చుని, ముందు స్టీలు బేసిను పెట్టుకుని, దాని మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని ఉంది. "గడప దాటించా" అంది నన్ను చూడగానే. "పోతే బయటే పోతయ్." మాట మోటుగానే ఉంది గానీ గొడుగు నీడ మొత్తం బేసిను మీదే ఉంది, ఆవిడ నెత్తి మీద ఎండ. బిందె సంగతి చెప్పాను. "నేనిచ్చిన నీళ్లేనా వాటి ప్రాణం మీదికి తెచ్చింది?" అంది. కాదు అత్తయ్యా, నా తెలివి అన్నాను. ప్లాస్టిక్ బకెట్లో కొత్త నీళ్లు కలిపి మార్చాను. ఒకటి ఇక కదల్లేదు. మామగారు వంగి చూసి, "చావు గడప అవతల జరిగింది. మొక్కు చెక్కుచెదర్లా" అని ప్రకటించారు. అత్తగారు నవ్వలేదు. దాన్ని వేప చెట్టు మొదట్లో తనే పూడ్చింది.

మేమలా కూర్చుని ఉండగా ఎదురింటి హుసేనమ్మ పిన్ని వచ్చింది. వాళ్లాయన మోటార్లు బాగుచేసేవాడు. వీధిలో అందరికీ ఆవిడ చెల్లెలు గానో పిన్ని గానో వరస. "ఆకలేమో వొదినా, రోజూ పప్పు పెడితే ఎవురు తింటారు?" అని, కొంగు చాటు నుంచి ఎండు రొయ్య తీసి తుంచి బేసిన్లో వేసింది. అప్పటిదాకా మంచాన పడ్డట్టున్న నత్తలు ఒక్కసారి లేచాయి. వాసన పట్టే పొడుగాటి గొట్టాలు పైకెత్తి, రొయ్య చుట్టూ చేరి, కళ్యాణ మండపంలో మొదటి బంతికి కూర్చున్నట్టు కూర్చున్నాయి. నత్త అంత వేగంగా నడుస్తుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అత్తగారు ఆలోచించి కొత్త చట్టం చేసింది. రొయ్య గడప దాటి లోపలికి రాకూడదు. కాబట్టి నత్తలే గడప దాటి బయటికి వెళ్లాలి. సాయంత్రం వాటిని ఎదురింటి వరండాకి తీసుకెళ్లి, అక్కడ వాళ్ల బేసిన్లో భోజనం పెట్టి, శుభ్రమైన ఉప్పునీళ్లతో కడిగి ఇంటికి తీసుకురావాలి. ఉప్పునీళ్ల తొట్టిలో తిండి మిగిలితే నీళ్లు కుళ్లుతాయి, అందువల్ల అది చాలా మంచి పద్ధతి అని నాకు తర్వాతెప్పుడో తట్టింది. "అమ్మాయి కాలేజీలో అరిచి అరిచి వస్తది. నేను తీసుకుపోతాలే" అని మామగారు ముందుకొచ్చారు. ఆయన బాధ్యత చూసి అత్తాకోడళ్లం ముచ్చటపడ్డాం.

మొదట రెండు మూడు రోజులకోసారి వెళ్లేవారు. తర్వాత రోజూ. "నత్తలకి అంత తిండి అక్కర్లేదు మావయ్యా" అంటే, "ఎదిగే వయసు" అన్నారు. వచ్చేటప్పుడు నోట్లో వక్క వేసుకుని, పెరట్లో కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కునేవారు. రొయ్య పట్టుకున్న చెయ్యి కదా, ఎంత నిష్ఠ అనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర మాత్రం రెండు ముద్దలు కలిపి, చారు కూడా పోసుకోకుండా లేచేవారు. "ఆకలి లేదే" అనేవారు. ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి. జంతువుల ప్రవర్తన అనే పేపరులో నాకు మంచి మార్కులు వచ్చాయి.

అత్తగారు శొంఠి కషాయం పెట్టింది. వాము నూరి ఇచ్చింది. ఆకలి పెరగలేదు. ఆవిడ మాట తగ్గింది. ఒక రోజు బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి నాతో అంది, "అప్పుడు కూడా ఇట్టానే మొదలైందమ్మాయ్. ముందు ఆకలి పోయింది, ఆనక జొరం." రెండు రాళ్లు ఏరి పారేసి, "ఆ నత్త నిజంగా బయటే పోయిందంటావా? లోపలే పోయిందేమో, నేను చూసుకోలేదేమో" అంది. నేను అలా ఏం కాదని చెప్పాను గానీ నా మాట నాకే నమ్మకంగా లేదు. ఆవిడ నుదుటి మీద రోజూ కాస్త పెద్ద విభూతి పట్టె కనిపించేది. "మీరు తినండి, నేను ఆనక తింటాలే" అని మాకు వడ్డించి వెళ్లి పూజ గదిలో కూర్చునేది. ఆవిడ తర్వాత తింటుందనే అనుకున్నాను.

మార్చి అయిపోయింది. ఎండలు ముదిరాయి. తొట్టిలో నీళ్లు రోజూ తరిగిపోతుంటే నేను ఉప్పునీళ్లతోనే నింపుతూ వచ్చాను. ఆవిరైపోయేది నీళ్లే గానీ ఉప్పు కాదన్న సంగతి, లాక్టోమీటరు మునగకుండా కర్రలా నిలబడినప్పుడు గుర్తొచ్చింది. పెట్టె చుట్టూ తడి గోనెసంచులు చుట్టాం. మా వారు శనివారం వచ్చి, ఈ ఆదివారం సూర్యలంక వెళ్దామన్నారు. మామగారు వెంటనే వాయిదా వేశారు. "రేపు అమావాస్య. సముద్రం పోటు మీదుంటది." ఆ పై ఆదివారం, బస్సుల్లో జనం. ఆ పై ఆదివారం, వడగాడ్పు. ఆయన అభ్యంతరాలన్నీ న్యాయంగానే వినిపించాయి మాకు.

అలాంటి ఒక సాయంత్రం ఉక్కపోతగా ఉండి ఉండి, ఒక్కసారిగా గాలిదుమారం లేచింది. వెంటనే పెద్ద చినుకులు. మామగారు అప్పటికే నత్తలతో ఎదురింటికి వెళ్లారు. "తడిస్తే జొరమొస్తది మనిషికి" అంటూ అత్తగారు గొడుగు తీసుకుని వీధి దాటింది. బేసిను మీద మూతకని నేను పళ్లెం పట్టుకుని వెనకే పరిగెత్తాను.

హుసేనమ్మ పిన్ని వరండాలో ఒక పక్క బేసిను, అందులో నత్తలు తింటున్నాయి. ఆ పక్కనే పీట మీద మామగారు. ముందు కంచం. కంచంలో అన్నం, చేపల పులుసు, అంచున ఒద్దికగా పేర్చిన ముళ్లు. మమ్మల్ని చూసి ఆయన చెయ్యి నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"వొదినా, అన్న తప్పేం లేదు, నేనే బలవంతం చేశా" అంది హుసేనమ్మ పిన్ని.

"నువ్వుండమ్మా" అంది అత్తగారు. గొడుగు మూయడం కూడా మర్చిపోయింది. "ఎన్నాళ్ల నించయ్యా?"

ఎందరో సాక్షుల చేత ప్రమాణాలు చేయించిన మనిషి తల దించుకున్నారు. "శివరాత్రి దాటిన కాడ నించి."

"అయితే నీకు ఆకలి పోలా?"

"లేదే."

"ఒళ్లు బాగానే ఉందా? నీరసం గట్రా లేదా?"

"లేదే. బాగానే ఉన్నా."

అత్తగారు మెట్టు మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "నీకు తిరగబెట్టిందని నేను రాత్రిళ్లు అన్నం మానేసి చస్తన్నా గదయ్యా! సామికి చెప్పుకుని, నీళ్లు తాగి పడుకుంటన్నా!"

మామగారు కంచం పక్కకి జరిపారు. ఆయన ముఖం చూడలేకపోయాను. నేనైతే ఆ కొన్ని వారాలూ, ఇద్దరు మనుషులు రాత్రి భోజనం మానేసిన ఇంట్లో, రెండు పూటలా తృప్తిగా తిని నత్తల ఆహారపు అలవాట్ల గురించి ఆలోచిస్తూ ఉన్నాను.

"నీ మొక్కు చెడగూడదనే గదే ఇన్నేళ్లూ ముట్టలా" అన్నారాయన మెల్లగా. "ఇక్కడైతే గడప అవతల గదా అనుకున్నా. పాయింటు ఉంది గదా అని..."

"గడప లోపలికి రానీనని నేను మొక్కుకున్నా. నువ్వు బయట తినగూడదని ఎప్పుడన్నా చెప్పానా?"

"నువ్వు మానేసి కూసుంటే నేనెట్టా తినేది?"

"నేను మానేసిందేముంది?" అంది అత్తగారు. "నాకు చిన్నప్పట్నించీ ఆ వాసనే పడదు. నీకోసరం వండేదాన్ని గానీ నేనెప్పుడు తిన్నా?"

హుసేనమ్మ పిన్ని అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మామగారు భార్య వైపు అలాగే చూస్తూ ఉండిపోయారు. అన్నేళ్లూ ఆయనకి వడ్డించాకే ఆవిడ తినేది, ఆవిడ కంచంలో ఏముందో ఆయన చూసింది లేదు. "అయితే ఇన్నేళ్లూ ఆ ఉపాసం నాదొక్కడిదేనా?" అన్నారు చివరికి.

ముందు నవ్వింది అత్తగారే. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. కంచాన్ని తన చేత్తోనే ఆయన ముందుకి జరిపింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "హుసేనమ్మా, ఆయనకి ఇంకో ముక్కెయ్యి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, చానా ఆకలిగా ఉంది. నాకింత అన్నమూ గోంగూర పచ్చడీ పట్టుకురా" అంది. వానలో వీధి దాటి వెళ్లి, తెచ్చిన పళ్లెం నిండా అన్నం పెట్టుకుని వచ్చాను. ఆయన పీట మీద, ఆవిడ రెండు బారల దూరంలో మెట్టు మీద, ఎవరి కంచం వాళ్లు పట్టుకుని తిన్నారు. ఆవిడ మధ్యలో రెండుసార్లు, తల తిప్పకుండానే, "ముళ్లు చూసుకో" అంది.

ఆ వచ్చే ఆదివారానికి వాయిదాలేవీ పడలేదు. పాల క్యానులో నత్తల్ని వేసుకుని నలుగురం బస్సెక్కాం. మోకాలి లోతు నీళ్లలో నేనూ మా వారూ వాటిని ఇసుక మీద పెట్టాం. ఏదో అనిపిస్తుందని కాసేపు నిలబడ్డాను. మేం ఇంకో మాట అనుకునే లోపే అవి ఇసుకలో దూరిపోయాయి. ఇన్ని నెలలు లాక్టోమీటరు పట్టుకుని వాటి చుట్టూ తిరిగిన మనిషిని కనీసం గుర్తుపట్టినట్టు కూడా లేదు. అత్తగారు ఒడ్డున నిలబడి కొండ ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టుకుంది. దిక్కు తప్పని మామగారు చెప్తే, సరిచేసుకుని మళ్లీ పెట్టింది.

ఆ తర్వాత ఆయన పోయేదాకా ఆదివారం సాయంత్రాలు వాళ్లిద్దరూ ఎదురింటి వరండాలోనే భోంచేశారు. ఆయనకి హుసేనమ్మ పిన్ని వడ్డించేది, ఆవిడ తన అన్నం క్యారియర్లో తీసుకెళ్లేది. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. ఎదురిల్లు పడగొట్టి రక్త పరీక్షల కేంద్రం కట్టారు. పరగడుపున జనం అక్కడ వరసలో నిలబడతారు, మేమూ నిలబడతాం. ఇప్పుడు మా ఇంట్లో మొక్కులు లేవు, రిపోర్టులు ఉన్నాయి. మా వారి రిపోర్టు చూసి నేను నూనె తగ్గించాను, ఉప్పు తగ్గించాను, ఆవకాయ జాడీ అటక మీదికి ఎక్కించాను. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. మూడు నెలలకోసారి కాగితం చూసి నేను సంతోషిస్తాను. మీకేం తినాలనుందని అడిగిన గుర్తు లేదు. అడగకుండానే మానిపించడంలో అత్తగారికీ నాకూ పెద్ద తేడా లేదు, ఆవిడ దేవుడికి చెప్పి చేసింది, అంతే.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఆయన వాకింగుకి బయల్దేరుతున్నారు. ఆ వాకింగు ఈ మధ్య కాస్త ఎక్కువసేపు పడుతోందని నేను గమనించకపోలేదు. కొంగు సర్దుకుని, "నేనూ వస్తాను" అన్నాను.

"మోకాళ్లు నొప్పన్నావు గదా. ఎక్కడికి?"

"మీరు రోజూ వెళ్లే చోటికే."

చెప్పు సగం తొడుక్కుని ఆగిపోయారు. నా ముఖంలోకి చూసి, కోర్టు గుమాస్తా కొడుకు కాబట్టి, ఇక వాదించి లాభం లేదని గ్రహించారు. "స్టేషన్ రోడ్డులో మిరపకాయ బజ్జీల బండి" అన్నారు. "నీకు కారం పడదు."

"పడదు" అన్నాను. "ఊరికే పక్కన కూర్చుంటాను."